మా ఆటలో మనిషి జాతి

నేను ఏడో తరగతిలో బడి మానేసిన రోజు మా పంతులు ఇంటిదాకా వచ్చి నాయనకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. నాయన అది తన మీద గౌరవమనుకున్నాడు. వీణ్ణి మళ్ళీ పంపకండి అని ఆయన బతిమాలుకుంటున్నాడని మా ఇంట్లో చాలా కాలం ఎవరికీ అర్థం కాలేదు. బళ్ళో ఒక్క నియమం పాటించని నేను ముప్పయి దాటాక నియమాలు పెట్టేవాణ్ణయ్యాను. అవీ మామూలు నియమాలు కావు. రాక్షసులు, గంధర్వులు, కోతులు ఎట్లా నడుచుకోవాలో చెప్పేవి.

డెబ్బయ్యో దశకం చివర్లో పటాన్‌చెరు పక్కన నీళ్ళ పంపులకు ఇనప బాడీలు చేసే కార్ఖానాలో డ్రిల్లింగ్ మిషన్ మీద ఉండేవాణ్ణి. ఆ ఏడు ఆర్డర్లు ఎక్కువ, కరెంటు తక్కువ. పగలు పోయిన కరెంటును సాయంత్రం మా ఒంట్లోంచి వసూలు చేసేవారు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేసరికి డబ్బా మూత తీయడానికి కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళం. క్యాంటీన్ వెనక రేకుల కింద పేకాట ఉండేది గానీ, ఒకసారి ఇద్దరు కాలర్లు పట్టుకున్నాక మేనేజరు దాన్ని బందు పెట్టించాడు. ఇక మాట్లాడుకోవాలి. మాట్లాడుకుంటే ఇంటి బాధలే వస్తాయి. అందుకని నేనొక ఆట కల్పించాను.

బల్ల లేదు, గళ్ళు లేవు. నేను చెబుతాను, వాళ్ళు వింటారు. "అడవి. ఎదురుంగ వాగు. అవతల గుహ. ఇగ చెప్పుండ్రి, ఏం జేస్తరు?" ఎవరేం చేస్తామన్నా నాలుగు గవ్వలు వేయాలి. ఎన్ని వెల్లకిలా పడితే అంత బలం. ఆటలోకి వచ్చేవాడు మొదట ఒక జాతి తీసుకోవాలి. ఒక జాతిలో ఇద్దరు ఉండకూడదు.

రాక్షసుడికి ముగ్గురి బలం, కానీ ఎవరైనా తిండి చూపిస్తే కాదనకూడదు. క్రేన్ నడిపే జిన్నారం ఆయన ఆ జాతి తీసుకున్నాడు. యుద్ధం మధ్యలో ఎవరో ఒకరు పచ్చడి డబ్బా తెరిచేవారు, ఆయన కత్తి కింద పెట్టేవాడు. గంధర్వుడు మాయమైపోగలడు, నవ్వితే మాత్రం కనబడిపోతాడు. అది ఎలక్ట్రీషియన్‌ది. కరెంటు పోయినప్పుడు నిజంగానే ఎక్కడా కనబడేవాడు కాదు కాబట్టి ఎవరూ పోటీకి రాలేదు. ఆటలో అతణ్ణి నవ్వించి బయటికి లాగడం నా పని. వానరుడు ఎంత దూరమైనా దూకగలడు, కానీ తన బలం తనకు గుర్తుండదు. ఆటలో ఉన్నవాళ్ళలో ఒకరు "నువ్వు దూకగలవు" అని గుర్తుచేస్తేనే గవ్వలు ముట్టుకోవాలి. చూసేవాళ్ళ మాట చెల్లదు.

మనిషి జాతి కూడా పెట్టాను గానీ దానికి వరమేమీ ఇవ్వలేదు. రెండు పోరాటాలయ్యాక అలిసిపోయి కూర్చోవచ్చు, అంతే. దాన్ని ఎవరూ తీసుకోలేదు. పొద్దంతా అదే కదా చేస్తున్నాం.

వానరం కోస్తా నుంచి వచ్చిన టర్నర్‌ది. లేత్ మిషన్ మీద ఆయన చేయి తిరిగినట్టు ఎవరిదీ తిరిగేది కాదు. మాట మాత్రం తక్కువ. లోయ రాగానే మా ముఖాలు చూస్తూ కూర్చునేవాడు. "దుంకన్నా, నువ్వు కోతివి," అని మావాళ్ళంటే, "అవును కదా," అని నిజంగా ఇప్పుడే గుర్తొచ్చినట్టు గవ్వలు తీసుకునేవాడు. ఆ "అవును కదా" కోసమే మేం దారికి అడ్డంగా లోయలు కోరుకునేవాళ్ళం.

ఆయనకు దగ్గు పట్టుకుంది. చివరికి పట్నంలో ఛాతీ ఆసుపత్రిలో చేరాడు. లేత్ మీదికి బద్లీ వచ్చాడు. బద్లీ అంటే రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి, ఎవరైనా రాకపోతే వాళ్ళ బదులు లోపలికి వచ్చేవాడు. ఇతనిది గుమ్మడిదల వైపు, ఇరవై రెండు మూడేళ్ళుంటాయి. టర్నర్ తిరిగొస్తే మళ్ళీ గేటు దగ్గరే. రాకపోతే లేత్ ఇతనిదే కావచ్చు. ఈ సంగతి మా అందరికీ తెలుసు. అతనికీ తెలుసు.

మా దగ్గర బద్లీకి మిషనుతో పాటు అవతలివాడి స్టూలు, చాయ్ గ్లాసు తగిలించే మేకు కూడా దక్కుతాయి. అందుకే భోజనం వేళ వచ్చి టర్నర్ కూర్చునే చోట కూర్చుని అడిగాడు.

"అన్నా, కోతి ఖాళీగున్నది గద. నాకియ్యుండ్రి."

"మిషన్ ఇచ్చినం, సాలదా?" అన్నాడు క్రేన్ ఆయన. "తోక గూడ గావాల్నా?"

జాతి ఖాళీగా ఉంటే ఇవ్వకూడదని నేనెక్కడా నియమం పెట్టలేదు. ఇచ్చాను. మూడో రోజు ఆటలో గుట్ట ఎక్కాక ఎదురుగా లోయ వచ్చింది. బద్లీ మా ముఖాల వంక చూశాడు. క్రేన్ ఆయన అన్నం కలుపుకుంటున్నాడు. ఎలక్ట్రీషియన్ ఉల్లిగడ్డ ఒలుస్తున్నాడు. దూకమని ఎవరూ గుర్తుచేయలేదు. తర్వాత ఆటలో వాళ్ళిద్దరూ చుట్టుదారిన కిందికి దిగి ముందుకు పోయారు.

మర్నాడు బద్లీ వచ్చి కూర్చుని, "నేనింక గుట్ట మీదనే ఉన్ననా?" అని అడిగాడు.

"ఉన్నవ్ తమ్మీ."

"వానొస్తున్నదా ఆడ?"

"ఇంక రాలె. గాలున్నది."

రోజూ అదే. వచ్చేవాడు, గుట్ట మీదున్నానా అని అడిగేవాడు, అన్నం తిని వెళ్ళేవాడు. మిషన్ దగ్గరా అంతే. ఆ లేత్‌ను తిప్పే పట్టీ జారకుండా ఎక్కడ తట్టాలో క్రేన్ ఆయనకు తెలుసు, చెప్పేవాడు కాదు. కథ చెప్పేవాడు ఆటగాడు కాదు కాబట్టి గుర్తుచేసే హక్కు నాకు లేదు. గుట్ట మీద గాలి తగ్గించడం వరకే నా చేతిలో ఉంది. తగ్గించాను.

వేసవి ముదిరాక ఒక మధ్యాహ్నం టర్నర్ వచ్చాడు. డాక్టరు కాగితం ఆఫీసులో ఇచ్చి అటునుంచి మా దగ్గరికి. చొక్కా ఎవరిదో తొడుక్కున్నట్టుంది. బద్లీ లేచి చోటిచ్చాడు. ఆయన అక్కడ కాకుండా పక్కనున్న ఇటుకల మీద కూర్చుని, ఆట ఎందాకా వచ్చిందని అడిగాడు. చెప్పాను.

"ఇన్నాళ్ళూ కొండమీదే ఉన్నాడా?" అని బద్లీ వైపు తిరిగాడు. "కోతివి కదయ్యా నువ్వు. దూకు."

బద్లీ గవ్వలు ముట్టుకోకుండా నన్ను చూశాడు.

"బయటోళ్ళ మాట చెల్లదు," అన్నాడు క్రేన్ ఆయన, ఈసారి మెల్లగా.

"బయటాయన ఎట్లయితడు?" అన్నాడు ఎలక్ట్రీషియన్. "ఆట ఆయనది గూడ."

"ఆయన ఆటల ఉంటే కోతులిద్దరైతరు. గట్ల గూడ చెల్లదు," అన్నాను నేను. నా నియమాల్లో నేనే ఇరుక్కున్నాను. పంతులు చూసుంటే సంతోషించేవాడు.

బద్లీ డబ్బా మూత పెట్టాడు. "కోతి ఆయనదే. నేను లేస్త."

"కూర్చోవయ్యా," అన్నాడు టర్నర్. "నన్ను మనిషిగా చేర్చుకోండి. అది ఖాళీయేగా?"

కాదనడానికి ఏ నియమమూ లేదు. ఆయన మళ్ళీ అన్నాడు, "దూకు." బద్లీ గవ్వలు వేశాడు. మూడు వెల్లకిలా. లోయ దాటి సరిగ్గా రాక్షసుడి భుజమ్మీద పడ్డాడని చెప్పాను. క్రేన్ ఆయన భుజం తడుముకుని, "బరువున్నవురా," అన్నాడు. చెయ్యి దించి, "ఆ పట్టీ జారితె ఎడమ దిక్కు తట్టాలె," అన్నాడు.

సాయంత్రం దాకా టర్నర్ గేటు దగ్గరే ఉన్నాడు. సైకిలు నడిపించుకుంటూ ఆయనతో బస్సు దాకా వెళ్ళాను. క్యారియర్ మీద కూర్చోమంటే కుదుపుకు దగ్గొస్తుందన్నాడు. దారిలో చెప్పాడు, ఆఫీసువాళ్ళ మాట కాగితం ఇచ్చినప్పుడే తేలిపోయిందట. ఇనప పొడిలో పనికి ఒళ్ళు పనికిరాదు. పనిముట్లిచ్చే గదిలో ఖాళీ వస్తే కబురు చేస్తామన్నారట. అంటే లేత్ పోయిందని తెలిసే మా దగ్గరికి వచ్చాడు.

 ఇట్లాంటప్పుడు నేను చేసేది ఒకటే, ఎగతాళి.

"ఏందన్నా, మిషన్ పాయె, తోక పాయె. పోయి పోయి మనిషి జాతి తీసుకుంటివి. దానికి నేను ఒక్క వరం గూడ పెట్టలె."

రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద ఆయన కూర్చున్నాడు. ఊపిరి అందేదాకా ఆగి అన్నాడు:

"పెట్టావుగా, అలిసిపోతే కూర్చోవచ్చని. మిగతా మూడు జాతుల్లో దేనికుందయ్యా ఆ వరం?"