పాప ముందు ఆడిన మాట

మొన్న శుక్రవారం మా ఆయన టీవీలో ఏదో పాత ఇటాలియన్ సినిమా పెట్టారు. ఊరి నడుమ ఒక పార్కు, అందులో పొద్దస్తమానం ప్రేమజంటలు: అలిగేవాళ్లు, బతిమాలేవాళ్లు, విదిలించుకుని పోయేవాళ్లు. ఆయన పడీపడీ నవ్వుతున్నారు. పిల్లల్ని ఆడించే ఆయా ఒకతె ప్రియుడితో కబుర్లాడే చోటికి వచ్చేసరికి నేనిక చూడలేకపోయాను. లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

కువైట్‌లో, ఈ ఫింటాస్ పేటలో మా ఇంటి ఎదురు పార్కుకి ఒకప్పుడు అలాంటి జంటే వచ్చేది. అమ్మాయిది రాయచోటి వైపు, ఒక కువైటీ ఇంట్లో పాపను పెంచే పని. అబ్బాయి మా కోనసీమవాడు, ఆ పక్కింటి డ్రైవరు. ఆమెకు సెలవంటూ లేదు, పాపను ఆడించే వంకతోనే బయటికి రావాలి. అందుకని వాళ్ల ప్రేమంతా ఉయ్యాల ఊపుతూనే నడిచింది. "టిఫిను చేశారా" దగ్గర మొదలెట్టిన మావాడు అసలు మాటకు రావడానికి ఒక వేసవి పట్టింది. ఆ సాగదీత మావైపు వాళ్లకి పుట్టుకతోనే వస్తుంది. ఎవరూ అడక్కపోయినా నేను బెంచీ మీద కూర్చుని వాళ్లకి కాపలా కాసేదాన్ని.

చివరికి పెళ్లి మాట తేలింది. "మీ అమ్మకి ఒంట్లో బాలేదని సెలవడుగు. ఎల్లాక మరింక రావద్దు. నేనూ ఎనకాలే వచ్చేత్తాను, అన్నవరంలో చేసేసుకుందాం" అన్నాడు. పాప వింటోందని నేను సైగ చేస్తే ఆ అమ్మాయి నవ్వేసింది.

"ఏం గాదులేక్కా, ఈ బిడ్డకేం తెలుస్తాది మన మాట!"

నెలల పసికందుగా ఉన్నప్పటి నుంచి ఆ చేతుల్లో పెరిగిన పాప. తెలుగులో జోకొడితే నిద్రపోయింది, తెలుగులో తిడితే అన్నం తింది. కన్నతల్లి మాట కన్నా ఈమె మాటే దానికి ముందొచ్చింది. ఆ సంగతి పెంచిన మనిషికే తట్టలేదు.

ఇంటికెళ్లగానే పాప తల్లిని చుట్టేసుకుని వాళ్ల మాటలో ఒకటే ఏడుపట: ఆయమ్మ వెళ్లిపోతుంది, ఇక రాదు, పెళ్లి చేసుకుంటుంది. అది చాడీ కాదు, భయం. పనివాళ్లు 'మామా' అని పిలిచే ఆ ఇంటావిడ అరవను కూడా అరవలేదట. "ఖలాస్" అని ఒక్క మాట అని, కొద్దిరోజుల్లోనే అమ్మాయిని విమానం ఎక్కించేసింది. అబ్బాయిని అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వదల్లేదు. అతను ఊరు చేరేలోగా అమ్మాయికి మేనమామతో పెళ్లి చేసేశారు. ఆ కబురు నాకు ఫోన్లో చెబుతూ ఆమె ఏడవలేదు. "పాప అన్నం తింటాండాదా అక్కా?" అని మాత్రం అడిగింది. నాకు దుఃఖం ఆగలేదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం పాప కొత్త ఆయాతో పార్కుకి వచ్చింది. నన్ను చూసి చెయ్యి విడిపించుకుని పరుగెత్తుకొచ్చింది. అచ్చం రాయచోటి యాసలో, "అక్కా, ఆయమ్మ ఎప్పుడొస్తాది? నేనింగ ఎవురికీ చెప్పను" అంది.

ఏళ్లు గడిచాయి, ఈపాటికి ఆ పిల్ల తెలుగు మరిచిపోయే ఉంటుంది. ఆ బెంగను కూడా కాలం తుడిచిపెట్టిందో, లేక మాటను తుడిచి బెంగను మాత్రం మిగిల్చిందో నాకు తెలియదు.