పెట్టె కాగితం

మా హార్మోనిస్టు ఆ మాట రేపల్లె రైల్లో అన్నాడు. రైలెక్కితే హార్మోనియం పెట్టెను కిటికీ పక్క సీటు మీద పెట్టి, తాను నిలబడి ప్రయాణం చేసే మనిషి. ఎవరైనా "పెట్టె కింద పెట్టండి, కూర్చుంటాం" అంటే "దానికీ టికెట్టు తీశానండి" అనేవాడు. తీసేవాడేమీ కాదు. జనం నవ్వి వదిలేసేవారు. ఆ రోజు మాత్రం పెట్టెను కాళ్ళ దగ్గర పెట్టుకుని, సీట్లో తానే కూర్చున్నాడు.

"ఈ ఒక్క ఏడూ చూస్తానండి. కుదరకపోతే పెట్టె అమ్మేస్తాను. బాపట్లలో మా అల్లుడు పనిచేసే అపార్టుమెంటుకి వాచ్‌మన్ కావాలంట."

"మీరు వాచ్‌మన్ పనా?"

"ఏం, గేటు తియ్యటానికి శృతి కావాలా ఏంటి?" అన్నాడు.

నవ్వాను గానీ, ఆ నవ్వు నాకే బాగోలేదు. పద్య నాటకానికి హార్మోనిస్టు ఏమిటో చూసినవాళ్ళకు తెలుసు. నటుడు పద్యం మరిచిపోతే హార్మోనియం మెట్ల మీద వేలితో అందిస్తాడు. గొంతు జారితే తిత్తి గట్టిగా నొక్కి కప్పేస్తాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఈయన కప్పిన గొంతులు ఎన్నో. పత్రికలో ఉన్న రోజుల్లో నాటకం గురించి నేను రాసిన వార్తల్లో నటుల గురించి వాక్యాలుండేవి, ఈయన పేరు చివరి వరసలో ఉండేది. ఈ మధ్య కొన్ని నాటకాలకు కీబోర్డు కుర్రాళ్ళను పిలుస్తున్నారు. మీట నొక్కితే తబలా కూడా అదే మోగుతుంది.

ఆ ఏడే కాగితాల ఆలోచన వచ్చింది. తెచ్చింది తెనాలిలో రిటైరైన ఒక బ్యాంకు ఆఫీసరు. నాటకమంటే ప్రాణం ఆయనకు. ఆయన ఇంటి మేడ మీద కళాకారులూ, కొట్ల వాళ్ళూ కూర్చుంటే నిలబడి చెప్పాడు. మనలోనే కొందరితో ఒక కమిటీ వేస్తాం, అది కొన్ని కాగితాలు అచ్చు వేస్తుంది. నెలనెలా కళాకారులకు ఇస్తుంది. కాగితం విలువ పది రూపాయలు. ఒప్పుకున్న కొట్లలో అది చెల్లుతుంది. ఆ కొట్టువాడు దాన్ని ఇంకో కొట్లో ఇచ్చుకుంటాడు. రూపాయల్లోకి మార్చటం మాత్రం ఉండదు.

"రూపాయి ఊళ్ళోకి వస్తుంది, ఊరు దాటి పోతుంది. ఇది ఎక్కడికీ పోదు. కళాకారుడి చుట్టూనే తిరుగుతుంది" అన్నాడు.

ఆ మాటకు అందరం చప్పట్లు కొట్టాం. ఆయన అన్నది అక్షరాలా జరిగింది.

కాగితం వెనక ఏం వెయ్యాలో రాసిమ్మని నన్నడిగారు. 'ఈ కాగితం, కళాకారుడికి ఈ ఊరు ఇచ్చిన మాట' అని రాసిచ్చాను. ముందువైపు బొమ్మ కోసం వెతుకుతుంటే మా హార్మోనిస్టు పెట్టె ఎదురుగానే ఉంది. ప్రెస్సు ఆయన దాన్నే ఫోటో తీశాడు. కమిటీ దానికి కళాపత్రమని పేరు పెట్టింది. జనం మాత్రం పెట్టె కాగితమన్నారు.

మొదటి నెలల్లో సంతోషంగానే ఉంది. స్టేషను దగ్గర టిఫిన్ హోటల్ ఓనరు ఇడ్లీకి ఆ కాగితం తీసుకుని, గల్లాపెట్టె మీద అద్దానికి ఒకటి అంటించాడు. "బాబాయ్, మీ పెట్టె మా కొట్లో దేవుడి పటం పక్కన చేరింది చూశారా" అన్నాడు. బాబాయ్ అన్నది మా హార్మోనిస్టుని. ఆయన ఆ రోజు ఇంకో ప్లేటు ఇడ్లీ తిన్నాడు. బియ్యం, సబ్బులు, ఒక చొక్కా గుడ్డ కూడా కాగితాలతో కొన్నాడు. రైల్లో పెట్టె మళ్ళీ కిటికీ పక్క సీటు ఎక్కింది.

కొట్లవాళ్ళ దగ్గర కాగితాలు పేరుకున్నాయి. సరుకు ఇచ్చే హోల్‌సేల్ వాడు వాటిని ముట్టుకోడు. కరెంటు బిల్లుకు చెల్లవు. బియ్యం కొట్టువాడు చొక్కా ఎన్నిసార్లు కుట్టించుకుంటాడు? అవి ఎక్కడ వదిలించుకోవాలో బాపట్లలో తెలిసింది.

మా నాటకాల్లో చదివింపులుంటాయి. పద్యం నచ్చితే ప్రేక్షకుడు స్టేజీ దగ్గరికి వచ్చి డబ్బిస్తాడు. ఫలానావారు ఫలానావారికి ఇంత అని మైకులో చదువుతారు. తీసుకున్నవాడు దాన్ని కళ్ళకద్దుకుంటాడు. మా హార్మోనిస్టుకు నాటకానికి ఇచ్చే డబ్బుల కంటే అక్కడ వచ్చేదే ఇంట్లో పొయ్యి వెలిగించేది. బాపట్ల నాటకంలో ఒక కిరాణా కొట్టాయన లేచి కాగితాల కట్ట ఒకటి తెచ్చి పెట్టె మీద పెట్టాడు. మైకులో చదివారు. జనం ఈలలు వేశారు. బ్యాంకు ఆఫీసరు ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. "చూశారా, తిరుగుతోంది" అని నాతో అన్నాడు.

తర్వాత ప్రతి నాటకంలోనూ అదే. అదివరకు యాభయ్యో వందో నోటు తెచ్చేవాళ్ళు కూడా కొట్ల దగ్గర నుంచి కాగితాలు తక్కువ ధరకు కొనుక్కొచ్చి చదివించేవారు. పేరు మైకులో అంతే గట్టిగా వినపడేది. రేపల్లెలో నాటకం పెట్టించినవాళ్ళు మాట్లాడుకున్న డబ్బు కూడా సగం కాగితాల్లో ఇచ్చారు. "మీకోసం పెట్టిందే కదండీ" అన్నారు. కొట్లవాళ్ళు మాత్రం తీసుకోవటం ఆపేశారు. బియ్యం కొట్టాయన మొహం మీదే అనేశాడు.

"బాబాయ్, ఇవి మేం మీకు చదివించేవి. మీరు మాకు చదివిస్తే ఎట్లా?"

కొట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మా హార్మోనిస్టు కూడా నవ్వి, సంచి మడిచి చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు.

నేను బ్యాంకు ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చాలాసేపు లెక్కలు వేసుకుని, "స్టేజీ మీద కాగితం ఇస్తే వద్దనండి. అంతే. నాలుగుసార్లు వద్దంటే వాళ్ళే మానేస్తారు" అన్నాడు.

"ఎట్లా వద్దంటానండి?" అన్నాడు మా హార్మోనిస్టు. "ఊరందరి ముందు చెయ్యి చాపి ఇచ్చినదాన్ని వద్దంటే ఆ మనిషి మళ్ళా నాటకానికి వస్తాడా?"

"మరి మీ సంగతి?"

"నా పెట్టె బొమ్మే కదండీ దాని మీద. నేనే చెల్లదంటే ఇంక ఎవరు తీసుకుంటారు?"

ఆ తర్వాత కమిటీ ఒకసారి కూర్చుంది, ఆ పైన కూర్చోలేదు. అచ్చు వెయ్యటం ఆగింది గానీ, వేసినవి నాటకాల్లో తిరుగుతూనే ఉన్నాయి.

ఏడు తిరిగింది. పెట్టె కొనేవాళ్ళ కోసం తెనాలిలో వాకబు చేశాం. వాయించేవాళ్ళెవరికీ అక్కర్లేదు. చీరాల దగ్గర రామాపురం బీచిలో ఒక రిసార్టు వాళ్ళు పాత వస్తువులు కొంటున్నారంటే తీసుకెళ్ళాం. రిసెప్షన్‌లో పెడతారట. మేనేజరు కుర్రాడు మర్యాదస్తుడే. "మోగుతుందా అండి?" అని అడిగాడు. మా హార్మోనిస్టు ఒక మెట్టు నొక్కి చూపించాడు. "మోగకపోయినా పర్లేదులెండి" అని రూపాయలు చేతిలో పెట్టాడు.

తెనాలిలో దిగేసరికి ఆకలేసింది. ఆ టిఫిన్ హోటల్లోనే కూర్చున్నాం. అద్దం మీద కాగితం లేదు, అంటించిన మరక ఉంది. ఇడ్లీ తిన్నాక నేను జేబులో చెయ్యి పెడుతుంటే ఆపి, ఆయనే అయిదు వందల నోటు తీశాడు.

ఓనరు దాన్ని వెలుతురుకేసి పట్టి చూశాడు. "అబ్బో! బాబాయ్ ఇవాళ అసలు నోటే తీశాడండోయ్. నాటకం గట్టిగా పండిందా ఏంటి?"

"పండిందండి" అన్నాడు మా హార్మోనిస్టు.

గల్లాపెట్టె కెలికి చిల్లర ఇస్తూ, చాలక, అడుగు నుంచి రెండు పెట్టె కాగితాలు తీసి పైన పెట్టాడు. "ఏమనుకోకండి బాబాయ్. ఇవి మీవే కదా."

మా హార్మోనిస్టు రెండు చేతులా తీసుకుని, కళ్ళకద్దుకుని, జేబులో పెట్టుకున్నాడు. తర్వాత బయటికొచ్చి అల్లుడికి ఫోన్ చేసి, రేపు గేటు దగ్గరికి ఎన్నింటికల్లా ఉండాలో కనుక్కున్నాడు.