పాత సీడీ, రెండో చెంప

నందిగామ చర్చిలో ఇరవయ్యేళ్లుగా కీబోర్డు వాయించే ప్రేమానందానికి కోపమొస్తే మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది. కీబోర్డుకు తగిలించే తన లాప్‌టాప్‌లో కొత్త విండోస్ వేయించాక కీబోర్డు దాంతో పనిచేయలేదు. కీబోర్డుతో వచ్చిన పాత సీడీలోంచి, దాన్ని లాప్‌టాప్‌తో కలిపే డ్రైవరు సాఫ్ట్‌వేరును నాలుగుసార్లు ఎక్కించాడు. అయినా పలకలేదు. రెండూ పట్టుకుని నేరుగా జగ్గయ్యపేటలో రోడ్డు పక్క కొట్టుకు వెళ్లి, విండోస్ వేసిన ఫయాజ్ చెంప పగలగొట్టాడు.

ఫయాజ్ నెత్తురు ఉమ్మి, లాప్‌టాప్‌లోంచి ఆ డ్రైవరు తీసేశాడు. కీబోర్డు మోగింది.

"కొత్త విండోస్‌కి సీడీ అక్కర్లేదండీ. మీరెక్కించిందే అడ్డం పడింది," అని ముఖం రెండో పక్కకు తిప్పాడు. "రెండో చెంప కూడా చూపించమని మీ చర్చి మైకులో చెప్తారుగా. కొట్టండి."

ప్రేమానందం చెయ్యి లేచింది. పెట్టుకున్న కళ్లద్దాలు ఎగిరి రోడ్డున పడేలా తన చెంప మీదే కొట్టుకున్నాడు.