అమ్మ మంచం కింద చల్లటి చోటు

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే మధ్యలో ఆపి, కరెంటు ఉందా పోయిందా, కిటికీ ఏ వైపు ఉంది, ముందు రోజు నిద్రపోయారా లేదా అని అడిగి వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లే మనిషిని నేను. చుట్టాల పెళ్లిళ్లలో ఈ పని చేసి చాలామందికి చేదయ్యాను. దయ్యాల మీద నాకు నమ్మకం ఎప్పుడూ లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా లేదు. అందుకే రాయడానికి ఇంత సిగ్గుగా ఉంది.

నా పని గుహలు. బస్తర్ వైపు సున్నపురాయి గుహల్లో వెలుతురు ఎరగకుండా బతికే జీవుల గురించి చాలా ఏళ్లుగా పరిశోధన చేస్తున్నాను. కళ్లు మూసుకుపోయిన చేపలు, రంగు పోయిన కీచురాళ్లు, గబ్బిలాల పెంట మీద బతికే పురుగులు, ఇవే నా లోకం. నాన్న రైల్వేలో చేసి రాయ్‌పూర్‌లోనే రిటైరయ్యారు. ఆయన పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. శ్రీకాకుళం నుంచి చుట్టాలెవరైనా ఫోన్ చేసి నా ఉద్యోగం ఏమిటని అడిగితే "మా పిల్ల పురుగుల డాక్టరు" అని చెప్పేస్తుంది.

కొన్నేళ్ల క్రితం ఇంకో పని కూడా చేరింది. అంగారకుడి మీద గుహలు వెతకడం. అక్కడికి వెళ్లి చూడలేం కాబట్టి, దాని చుట్టూ తిరిగే నౌకలు పైనుంచి తీసిన, వేడిని చూపించే చిత్రాలే ఆధారం. సూత్రం తేలికే. గుహ నోరు పగలు చుట్టుపక్కల నేల కన్నా చల్లగా ఉంటుంది, తెల్లవారుజామున వెచ్చగా ఉంటుంది. ఉత్త నీడైతే అలా ఉండదు, లోపల లోతుగా ఖాళీ ఉండాలి. ఈ కొలతను మన గుహల మీద సరిచూసి, ఇది నమ్మదగినదే అని తేల్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని. నాకున్న కాస్త పేరు దానివల్ల వచ్చిందే.

ఇంకొక్క ముక్క చెప్పాలి. అంగారకుడి మీద అలాంటి నోళ్లు ఎక్కువగా పైకప్పు కూలినప్పుడు తెరుచుకుంటాయి. అంతవరకు పైన మామూలు నేలలాగే ఉంటుంది.

మా ఇల్లు రాయ్‌పూర్‌లోనే, టాటీబంధ్ దగ్గర ఒక అపార్టుమెంటులో, మొదటి అంతస్తు. లారీలు పోతుంటే కిటికీ అద్దాలు గడగడమంటాయి. అమ్మ గది పడమర వైపు. మే నెలలో మధ్యాహ్నం ఆ గదిలో టైల్స్ మీద కాలు పెట్టలేం. ఆ గదిలో అమ్మ నవారు మంచం ఒక్కటే ఉంటుంది. డబుల్ కాట్ కొంటానంటే వద్దంది.

ఆ వేసవిలో అమ్మ పంఖా వేసుకోవడం మానేసింది. అడిగితే మంచం కింద చల్లగా ఉంటోందంది. ముసలితనం అనుకున్నాను. బీపీ పడిపోతోందేమోనని చూపించాను. బీపీ బాగానే ఉంది.

ఒక ఆదివారం ఆఫీసు నుంచి కొత్త థర్మల్ కెమెరా ఇంటికి తెచ్చాను. ఎక్కడ ఎంత వేడి ఉందో రంగుల్లో చూపించే కెమెరా అది. ఫీల్డుకి తీసుకెళ్లే ముందు, అంతటా ఒకే వేడి ఉన్న నేల మీద పరీక్షించాలి. అమ్మ గదిలో ఎండ దిగిన టైల్స్ అందుకు సరిపోతాయనిపించింది. అమ్మ భోజనం చేసి నిద్రపోతోంది. కెమెరా పెట్టాను. గది అంతా పసుపు రంగు. మంచం కింద మాత్రం గుండ్రంగా, గిరి గీసినట్టు, ముదురు నీలం.

నీళ్ల కుండ పెట్టి తీసిన చోటు అనుకున్నాను. మా ఇంట్లో కుండ లేదు. తడిగుడ్డ పెట్టారేమో అనుకుని మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. నీడ అయితే మంచం ఆకారంలో పొడుగ్గా ఉండాలి కదా! పైగా నా గదిలో మంచం కింద, బల్ల కింద కూడా చూశాను. అక్కడ నీడ ఉంది గానీ నీలం లేదు.

నేను తల నేలకి ఆనించి, నడుము పైకెత్తి కెమెరాతో పాకుతుంటే అమ్మకి మెలకువ వచ్చింది.

"ఏటెతుకుతన్నావే మంచం కింద? పిల్లి గాని ఈనిందేటి?"

ఏమీ లేదన్నాను. అమ్మ లేచి హాల్లోకి వెళ్లింది. మళ్లీ చూస్తే నీలం లేదు. నేలంతా పసుపే.

ఇక నాకు మొండితనం పట్టుకుంది. మర్నాడు సెలవు పెట్టి మంచాన్ని హాల్లో వేశాను. అమ్మ పడుకుంది, అక్కడ కూడా వచ్చింది. వంటింటి గుమ్మం దగ్గర వేశాను, అక్కడా వచ్చింది. అమ్మ మంచం మీద కూర్చుంటే రాదు, నేను పడుకుంటే రాదు. అమ్మ పడుకున్నప్పుడు మాత్రం వస్తుంది. మనిషి ఒంటి వేడికి కింద నేల వేడెక్కాలి గానీ చల్లబడడం ఏమిటి! కెమెరా పాడైందేమోనని ఆఫీసు నుంచి పాతది కూడా తెచ్చాను. అదీ అదే చూపించింది.

తెల్లవారుజాము పరీక్ష ఒకటే మిగిలింది. పాలవాడు రాకముందే లేచి చూశాను. రాత్రంతా కిటికీ తెరిచి ఉండడంతో నేల చల్లారింది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం కింద అదే గుండ్రటి చోటు, ఇప్పుడు వెచ్చగా, వేడి గిన్నె దించి తీసేసిన చోటులా కనిపించింది.

పగలు చల్లన, తెల్లవారుజామున వెచ్చన. నా సొంత కొలత ప్రకారం, మొదటి అంతస్తులో, మా అమ్మ మంచం కింద గుహ ఉంది.

కింద ఇంకొకరి ఇల్లు ఉంది కదా అని మీరంటారు. నేనూ అదే అనుకున్నాను. కింద సాహు గారి కుటుంబం ఉంటుంది. వాళ్ల పైకప్పు చూడనివ్వమని అడగడానికి నోరు రాక రెండుసార్లు మెట్లు దిగి ఎక్కాను. చివరికి మధ్యాహ్నం, పైన అమ్మ పడుకున్నాక, తలుపు కొట్టాను. మా అమ్మ గది కింద వాళ్ల పడకగది. సాహు గారు నైట్ డ్యూటీ చేసి వచ్చి బనీనుతో పడుకుని ఉన్నారు. ఆయన మీదుగా వంగి నేను కెమెరా పైకెత్తిన క్షణంలోనే ఆయన కళ్లు తెరిచారు.

ఛీ, ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. "దీదీ, ఛత్ టపక్ రహీ హై క్యా?" అని సాహు గారి భార్య గుమ్మంలోంచి కంగారుగా అడిగింది. అవును, పైకప్పు కారుతోందేమోనని అనుమానం అన్నాను. ఎక్కడా చెమ్మ లేదు. వాళ్ల పైకప్పు మూల నుంచి మూలకి ఒకే వేడి. ఎక్కడా నీలం చుక్క కూడా లేదు. అప్పటి నుంచి మెట్ల మీద ఎదురైనప్పుడల్లా ఆవిడ లీకేజీ గురించి అడుగుతుంది, నేను తల దించుకుని పోతాను.

గుహల్లో గాలి ఆడుతుంది. ఎండాకాలం పై నోరు గాలిని లోపలికి లాక్కుంటుంది. సన్నటి పగులు కనిపిస్తే అది లోపలికి దారితీస్తుందో లేదో తెలుసుకోవడానికి మేం అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూస్తాం. మా సంచుల్లో తాళ్లతో పాటు అగరుబత్తుల పొట్లం కూడా ఉంటుంది. నేను మంచం పక్కన కూర్చుని అగరుబత్తి వెలిగించేసరికి అమ్మ ముఖం వెలిగిపోయింది. దేవుడి గది గడప తొక్కని కూతురికి ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందనుకుంది పాపం.

పంఖా ఆపేశాను, కిటికీ మూశాను. అమ్మ పడుకుంది. పొగ ముందు నిటారుగా లేచింది. తర్వాత వంగింది. మంచం కిందికి తిరిగి, సన్నటి దారంలా టైల్స్‌లోకి దిగిపోయింది. నేల తాకి పరుచుకోలేదు. లోపలికే వెళ్లింది. నేను చూస్తూనే ఉన్నాను.

అమ్మ మంచం అంచు మీంచి తొంగి చూసింది. ఆవిడకి భయమే లేదు. ఎప్పటి నుంచో నా గుహ ఒక్కటి చూడాలని ఆవిడ కోరిక. మోకాళ్లు పనిచేయవు కాబట్టి కుదరలేదు.

"నువ్వు సెప్పే గుహే అయ్యుంటాదే ఇది," అంది. "నేను ఎల్లలేనని అదే ఒచ్చినాదేమో."

నవ్వుతూ అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పైకప్పు కూలితే నోరు తెరుచుకుంటుందని ఇందాక రాశాను కదా. ఆ గుండ్రటి చోటు మీద రోజూ పడుకుంటున్నది మా అమ్మ. ఇది అసంబద్ధమని నాకు తెలుసు. టైల్స్ కింద స్లాబు ఉంది, స్లాబు కింద సాహు గారి పంఖా ఉంది. తెలిసి కూడా భయపడ్డాను.

రెండు రోజుల తర్వాత అమ్మ చీర చెంగు మీద ఒక కీచురాయి కనిపించింది. తెల్లగా, పాలిపోయి, ఒంటి కన్నా పొడవైన మీసాలతో ఉంది. అలాంటివి మా గుహల్లో లోపలి గదుల్లో ఉంటాయి. చెమ్మ లేని గాలిలో ఎక్కువసేపు బతకవు. ఇది బతికే ఉంది, మీసాలు ఆడిస్తోంది. నా ఫీల్డు సంచిలో వచ్చి ఉండవచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఆ సంచి ఎండాకాలం మొదటి నుంచీ ఆఫీసు స్టోరులోనే ఉంది.

ఆ సాయంత్రమే అమ్మని తిల్దా పంపాలని నిర్ణయించేశాను. తిల్దాలో తమ్ముడు ఉంటాడు, రైల్వే క్వార్టర్స్. టైల్స్ మార్పిస్తున్నాను, దుమ్ము నీకు పడదు అన్నాను. అమ్మ రెండు చీరలు, మందుల డబ్బా సంచిలో పెట్టుకుని సిద్ధమైపోయింది. లోకల్ ట్రైనులో దారంతా కిటికీలోంచే చూసింది. నిజం చెప్పి ఉండవచ్చు. పక్కనే కూర్చుని కాపలా కాయవచ్చు. అవేవీ చేయలేదు. భయం వేసింది, అమ్మని ఇంట్లోంచి తీసేశాను.

అమ్మ వెళ్లాక ఇంట్లో ఎక్కడ చూసినా ఏమీ లేదు. ఆ మంచం మీద నేను చెమటలు కక్కుతూ పడుకున్నాను.

ఆ వారంలోనే మా బృందం ఆన్‌లైన్ సమావేశం. అంగారకుడి మీద నేను ఎంచిన చోట్లు చూపించాను. ఒక కుర్ర శాస్త్రవేత్త, లోతైన గుహ కాకుండా ఇంకేదైనా ఇలాంటి వేడి తేడా చూపించే వీలుందా అని అడిగాడు. ఎవరైనా అడిగే ప్రశ్నే. నాకు తెలిసి లేదని చెప్పాను. చెబుతూ తెర మీద నా ముఖం నేనే చూసుకున్నాను. వెంటనే కెమెరా ఆపేశాను.

తర్వాతి ఆదివారం తిల్దా వెళ్లాను. నా చేతిసంచిలో థర్మల్ కెమెరా ఉంది. సిగ్గు లేకపోతే సరి. రైస్ మిల్లుల ఊక గాలికి క్వార్టర్స్ కిటికీలన్నీ మూసి ఉన్నాయి. లోపల ఉక్క. అమ్మ నడుము వాల్చగానే మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. తమ్ముడు బిత్తరపోయాడు. "ఏంటక్కా, ఏం పోయింది?" అన్నాడు. నేల మామూలు నేలలాగే ఉంది.

తమ్ముడు డ్యూటీకి వెళ్లాక అమ్మ అడిగింది.

"టైల్సు అయిపోనాయేటి?"

ఇంకా లేదన్నాను.

"టైల్సూ లేవు, ఏటీ లేవు. నాకు తెలీదేటి?" అంది. గొంతు పెంచలేదు. "అదేటి సేసినాదే నన్ను? రోజూ మజ్జానం సల్లగా నిద్దరపుచ్చినాది. ఇంట్లోంచి ఎల్లగొట్టింది నువ్వే కదా."

అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, చీపురు తీసుకురా, ఊక పడింది ఊడ్చెయ్యి అంది.

ఆ రోజు సాయంత్రమే అమ్మని ఇంటికి తెచ్చేశాను. మంచం పాత చోటే వేశాను. మర్నాడు మధ్యాహ్నం అమ్మ పడుకుంది. కాసేపటికి లేచి పంఖా వెయ్యమంది. చల్లగా లేదా అని అడిగితే గోడ వైపు తిరిగింది.

"లేదే. ఎల్లిపోనాది," అంది.

కెమెరా పెట్టాను. నేల అంతా పసుపే. తెల్లవారుజామున కూడా ఏమీ లేదు.

అదేమిటో చెప్పమంటే నేను చెప్పలేను. రెండు కెమెరాలూ పాడై, పొగ వంగి, గుహ పురుగు తనంతట తనే నడిచి వచ్చిందనడం కన్నా నా బుర్ర చెడిందనడమే తేలిక. అలా అనడానికైనా నేను సిద్ధమే. కానీ ఆ కీచురాయి నా సొరుగులో సీసాలో ఉంది. నా కొలతను నమ్మి అంగారకుడి మీద గుర్తుపెట్టిన చోట్లు అలాగే ఉన్నాయి. వాటి గురించి ఎవరైనా మెచ్చుకుంటే తల దించుకుంటున్నాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. దయ్యాల కథలు చెప్పేవాళ్లని ఎగతాళి చేసిన నేను, ఆదివారాలు అమ్మ భోజనం చేసి పడుకున్నాక, పంఖా ఆపి మంచం పక్కన అగరుబత్తి వెలిగిస్తున్నాను. అమ్మ ఉక్కతో అటూ ఇటూ దొర్లుతుంది గానీ పంఖా వెయ్యమని అడగదు. ఇద్దరం పొగ వైపే చూస్తాం. పొగ నిటారుగా పైకే పోతోంది.