బాపు రోజూ చూసే పులి

మా బాపు, అంటే నాన్న, ఫారెస్టు గార్డు. జన్నారం అడవిలో పులి ఇంకెవరికీ కనిపించకపోయినా ఆయనకు కనిపిస్తుందని లక్సెట్టిపేట దాకా పేరు. ఆ పేరు ఎవరో ఇచ్చింది కాదు, ఆయనే నోటితో సంపాదించుకున్నాడు. నిజానికి ఆయన పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఒక్కసారి కూడా పులిని చూడలేదు. ఈ సంగతి నన్ను కన్న అవ్వకూ నాకూ తప్ప బయట పురుగుకు కూడా తెలియదు.

మిగతా ఊరందరికీ కనిపించింది. టపా సంచి తెచ్చే ఆయనకు సైకిలు మీద వస్తుంటే కనిపించింది. పొద్దున్నే ఇప్పపువ్వు ఏరబోయిన మా అవ్వకు కనిపించింది. ఆమె గంప అక్కడే వదిలేసి ఇల్లు చేరి, అన్నం వండి, మధ్యాహ్నం మళ్లీ పోయి గంప తెచ్చుకుంది. ఆదిలాబాదు నుంచి తనిఖీకి వచ్చిన ఒక ఆఫీసరు, పాపం, కడుపులో తిప్పితే జీపు దిగి పొదచాటుకు పోయాడు. ఆయనకు కూడా కనిపించింది! ఆ రోజు బాపు పక్క బీటులో ఉన్నాడు. కబురు అంది ఉరుక్కుంటూ వచ్చేసరికి తడి మట్టిలో అడుగులే మిగిలాయి. అడుగులు చూశాడు, గోళ్లతో చీరిన చెట్టు చూశాడు, తిని వదిలేసిన ఎద్దును చూశాడు. "అది తప్ప దాని సంసారమంతా చూసిండు మీ బాపు" అనేది అవ్వ.

తర్వాత కొన్నాళ్లకు మా అడవిని అభయారణ్యం అన్నారు. చూడవచ్చేవాళ్ల కోసం ఒక భాగం విడదీసి, జీపు తిరిగే బాట వేసి, బోర్డులు పాతారు. ఇక్కడి దాకా రావచ్చు, ఇక్కడి నుంచి రాకూడదు అని. బోర్డులకు దగ్గరుండి రంగు వేయించింది బాపే. వచ్చినవాళ్లను తిప్పే పని కూడా ఆయనకే పడింది. పులికి ఎవరు చదివి వినిపించారో గానీ, రావచ్చు అని రాసిన వైపు అది తొంగి కూడా చూసేది కాదు. జనం దుప్పులను చూసి, నెమళ్లను చూసి, చివరికి మా బాపు ముఖం చూసేవారు. ఆయన ఏం చేస్తాడు మరి? కథ చెప్పేవాడు.

మొదట్లో ఆ కథలో పులి వాగు అవతలే ఉండేది. మరుసటి ఏడాది వాగు దాటింది. మా మేనమామ పెండ్లినాటికి బాపు సైకిలు వెనుక చక్రాన్ని వాసన చూసింది. పెండ్లివాళ్లు నోళ్లు తెరుచుకుని వింటుంటే అవ్వ నన్ను మోచేత్తో పొడిచి, "వచ్చే పెండ్లికి ఎనక సీటు మీద కూసుంటది సూడు" అంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ నవ్వు నా మెడకే చుట్టుకుంటుందని నాకేం తెలుసు!

నేను ట్రైనింగు ముగించి నస్పూర్ దగ్గర బడిలో పంతులమ్మగా చేరాను. నాకు ఆ పని ఇష్టం. అచ్చం అదే పని కోసం పుట్టానేమో అన్నంత ఇష్టం. అప్పటికే రెండు సంబంధాలు వచ్చి పోయాయి. ఇద్దరిదీ ఒకటే పాట, పెండ్లయితే బడి మానెయ్యాలని. మూడోది బొగ్గుబాయిలో సర్వే పని చేసే అబ్బాయిది. వాళ్లు, "బడికి పోతే పోనీయిరి, మాకేం అడ్డం లేదు" అన్నారట. ఆ ఒక్క మాటతో నాకు ఆ సంబంధం కావాలనిపించింది. సిగ్గు విడిచి అవ్వతో చెప్పేశాను కూడా. "ఇదే చెయ్యండి. ఇది పోతే ఇంక నన్ను అడగొద్దు" అన్నాను.

అయితే పిల్లవాడి తండ్రిది ఒక పట్టుదల. పెద్దకొడుక్కి చేసిన సంబంధంలో ఆ పిల్ల తరఫువాళ్లు పక్కవాడి పొలం చూపించి మాదేనన్నారట. అప్పటి నుంచి ఆయనకు అబద్ధమంటే ఒళ్లు మంట. మధ్యవర్తి మా గురించి గొప్పలు చెబుతూ, "పిల్ల తండ్రి రోజూ పులిని చూస్తడు" అన్నాడట. "గట్లనా? అయితే మాకు సుత చూపెట్టమను. చూసినోడో, ఉత్తగ చెప్పేటోడో నాకు తెలుస్తది. అబద్దాలింటి పిల్లను మళ్ల తెచ్చుకోను" అని ఆయన కబురు చేశాడు.

ఆ కబురు విన్న బాపు ముఖం చూడాలి. రెండు రోజులు గడ్డం గీసుకోలేదు.

"అవ్వా, ఇప్పుడేం చేద్దాం?" అన్నాను నేను. ఏడుపొక్కటే తక్కువ.

"ఏం చేస్తం? పులికి కబురు పంపుదం, పిల్ల పెండ్లి ఉన్నది జర రమ్మని" అంది అవ్వ. ఆమెకు లోపల పరేషానైనా పైకి ఇలాగే ఉండేది.

చివరికి బాపు జైనూర్ అంగడికి పోయి ఒక యాటను, అంటే మేకను, తోలుకొచ్చాడు. పులికి కనబడేలా యాటను కట్టేసి, దూరాన మనుషులను కూర్చోబెట్టి చూపించడం ఆ రోజుల్లో మామూలే. పిల్లను చూసుకున్న తర్వాత సాయంత్రం వాళ్లను జీపులో వాగు దగ్గరికి తీసుకుపోవాలని, యాటను ముందే పంపి కట్టించాలని ఆయన లెక్క. రేంజరు దొరను బతిమాలి జీపు, డ్రైవరు మాట్లాడుకున్నాడు.

వాళ్లు వచ్చారు. ఐదారుగురు వస్తారనుకుంటే బొగ్గు లారీ నిండా వచ్చారు. పులి అనేసరికి వాళ్ల ఊళ్లో ఎవరూ ఇంట్లో ఉండలేదన్నమాట. అందరూ తెల్లబట్టలే కట్టుకుని బయలుదేరారు గానీ, దిగేసరికి ఒక్కటీ తెల్లగా లేదు. నన్ను చాప మీద కూర్చోబెట్టారు. పిల్లవాడి తల్లి, పేరడిగి నేను నోరు తెరిచేలోగా, "పులి ఏ యాల్లకు వస్తది బిడ్డా?" అంది. మళ్లీ ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. పాడమనలేదు, నడవమనలేదు. పిల్లవాడైతే కిటికీలోంచి అడవి వైపే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను పులికి తోడుపెండ్లికూతురినా?

మాట కుదరక ముందు పిల్ల ఇంట్లో తినకూడదంటారు కొందరు. వీళ్లకు ఆ పట్టింపు లేదు. రెండో బంతి, మూడో బంతి కూర్చుని కమ్మగా మాంసం తిన్నారు. బాపు వరస వరసకు వంగి, "ఇంకొంచెం ఏసుకోన్రి బావగారూ" అంటూ తిరిగాడు. అంతా అయి చేతులు తుడుచుకుంటూ పెరట్లోకి పోయిన మనిషి, వెంటనే వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఉత్త పలుపు ఉంది.

"యాటేది?"

"మీ బావగారి కడుపుల" అంది అవ్వ, గరిట కడుగుతూ.

బాపు పలుపును చూశాడు, కూర వండిన ఖాళీ గంజును చూశాడు.

"గంత మందొస్తరని నాకేం ఎరుక? నేను తెప్పిచ్చిన మాంసం కూర ఒక్క బంతికి సుత రాలే. సంబంధపోళ్లకు పప్పు పోస్తే పరువుంటదా? పులి ఒక పూట పస్తుంటది, వియ్యాలోళ్లను పస్తు పెడుదునా?"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? మా వైపు ఏ ఇల్లాలైనా అదే పని చేసేది. బాపు కూడా కాదనలేకపోయాడు. గడప మీద కూలబడి, "పాయె, ఇంక పాయె" అన్నాడు మెల్లగా. నన్ను చూసి తల దించుకున్నాడు. అప్పటిదాకా నాకు ఆయన మీద కోపమే. ఆ దించుకున్న తల చూశాక అది కూడా నిలవలేదు.

అయినా పోక తప్పదు కదా. పెద్దవాళ్లు జీపులో ఇరుక్కున్నారు. మిగిలినవాళ్లను ఇంటి దగ్గరే ఆపేసరికి మధ్యవర్తి గొంతు పోయింది. "పిల్లను సుత ఎక్కియ్యిరి, తొవ్వల ముచ్చట పెడుత" అని పిల్లవాడి తల్లి నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. తోవంతా పులి ముచ్చటే. ముందు సీట్లో ఆయన, అదే నాకు మామ కావలసిన ఆయన, బాపును గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు. ఎంత పొడుగుంటది? ఎక్కడ పంటది? నీ దిక్కు చూస్తదా? బాపు అన్నిటికీ జవాబు చెప్పాడు గానీ, ఎప్పటి హుషారు లేదు. సైకిలు చక్రం జోలికి పోనేలేదు.

వాగు దగ్గర జీపు ఆగింది. దుప్పులు కూడా లేవు. ఎండ తగ్గింది, నీళ్లు మెల్లగా పోతున్నాయి. బాపు గట్టు మీద జంపఖానా పరిచి అందరినీ వాగు వైపు తిప్పి కూర్చోబెట్టాడు. అవ్వ కట్టిచ్చిన అరిసెలు పెట్టాడు. ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు.

"బావా, నీ పులి ఇయ్యాల చుట్టాలింటికి పోయినట్టున్నది" అన్నాడు పెద్దాయన. నవ్వలేదు. ఆ గొంతు విని, ఇంక బడి లేదు, సంబంధం లేదు అనుకున్నాను.

బాపు ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన ముందు వంగి నిలబడ్డాడు. పిల్ల తండ్రి కదా, చేతుల మీద నీళ్లు పొయ్యాలి. వాగుకు వీపు పెట్టి పోస్తున్నాడు. పెద్దాయన అరిసె జిడ్డు రుద్దుకుంటూ రుద్దుకుంటూ ఆగిపోయాడు. చేతులు అలాగే చాచి ఉన్నాయి. నోరు తెరుచుకుంది.

నేను తలెత్తాను. అవతలి గట్టున రెల్లు కదిలి, అది బయటికి వచ్చింది.

నిదానంగా వచ్చింది, ఎవరికీ భయపడే పని లేనట్టు. ముందు కాళ్లు వంచి నీళ్ల మీద మూతి పెట్టింది. గతికే చప్పుడు మాకు వినిపించింది. పిల్లవాడి తల్లి నా చెయ్యి పట్టుకున్నది, ఎముకలు విరుగుతాయేమో అన్నంత గట్టిగా. ఎవరూ ఊపిరి తీయలేదు. ఒక్క బాపు చేతిలోంచి నీళ్లు మాత్రం పడుతూనే ఉన్నాయి.

"పు... పు..." అన్నాడు పెద్దాయన.

బాపు తల తిప్పలేదు. "ఆఁ, గీ యాల్లకు నీళ్లకొస్తది బావగారూ" అన్నాడు చిన్న గొంతుతో. "రోజొచ్చేదే. ఏం ఫికర్ చెయ్యకున్రి, జర కదలకుంట కూసోన్రి. చేతులు కడుక్కోన్రి."

చెంబులో నీళ్లు అయిపోయాయి. ఆయన ఖాళీ చెంబు వంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బాపూ, తిరుగు, ఒక్కసారి తిరుగు అని నేను లోలోపల మొత్తుకుంటున్నాను. ఆయన చూపు పెద్దాయన ముఖం మీదే ఉంది. పులి నీళ్లు తాగింది, తల ఎత్తి మా వైపు చూసింది, మూతి నాక్కుంది, వెనక్కి తిరిగి రెల్లులోకి పోయింది. రెల్లు కదలడం ఆగిపోయాక బాపు చెంబు కింద పెట్టి, భుజం మీది తువ్వాల ఇచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు జీపులో పెద్దాయన ఆగితేనా! "ఎనక పులి నీళ్లు తాగుతుంటే మెడ తిప్పని మనిషిని నేను ఏడ చూడలే. రోజు చూసేటోనికి గట్లనే ఉంటది మరి. గీ ఇంట్ల అబద్దమనేది లేదు. పిల్ల మాది, అయిపాయె" అన్నాడు. ఇంటికి చేరగానే అందరి ముందు అదే చెప్పి, నా బడి సంగతి కూడా తానే ఎత్తి, మాననవసరం లేదన్నాడు. మా ఇంటి ముందు లారీ కదిలేదాకా పులి నీళ్లు తాగిన తీరు నాలుగు కాళ్ల మీద వంగి మరీ చూపించాడు.

లారీ పోయాక అవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏమయ్యా, ఇయ్యాలన్న చూసినవా?"

"లే" అన్నాడు బాపు.

"నీ ఎనకాల్నే నిలవడెనట గదనయ్యా! జర మెడ తిప్పితే ఏంబోయె?"

"నాకు ఎరుకనే, వచ్చిందని. నీళ్లు గతుకుతుంటే ఇన్న. పానం గుంజింది. కని, రోజు చూసేటోడు తిరిగి చూస్తడానే? తిరిగితే నేను చూడనోన్నని గా పెద్దమనిషికి తెలుస్తుండె. పిల్ల పని పాడైతుండె."

అవ్వ నవ్వు ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా ఆయనను ఆటపట్టిస్తూ వచ్చిన మనిషి గంజు తీసుకుని ఊరికే పెరట్లోకి పోయింది.

బాపు గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్నాడు. కాసేపటికి నన్ను దగ్గరికి పిలిచి, ఎవరూ వినడం లేదు కదా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

"బిడ్డా, ఎట్లుండె?" అన్నాడు. "మెల్లగ చెప్పు. తొందరేం లేదు."

నేను చెప్పాను. రెల్లు ఎలా విడిపోయిందో చెప్పాను, ముందు కాళ్లు, భుజాల మీద ఎముకలు లేచి పడడం, మీసాల వెంట కారిన నీళ్లు, అన్నీ చెప్పాను. ఆయన ఊఁ కొడుతూ విన్నాడు. వెనక్కి తిరిగి రెల్లులోకి పోయిందని చెప్పి ముగించాను.

"మరి తోక?" అన్నాడు బాపు. "తోక చెప్పకపోతివి."