మఠానికి లెక్క రాసింది నేనే

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. నాపరాతి గదులు మూడు. వంటసాల ఒకటి. ముప్పై మంది బారుగా కూర్చునే బండల వసారా ఒకటి. జొన్నల గుమ్ములు రెండు. ఇద్దరు పడితే గాని లేవని గంగాళం ఒకటి. మనిషి ఒక్కడు. పెద్దేముల్ దగ్గరి మా ఊళ్లో మఠం పోయినప్పుడు పోయినవి ఇవి.

ఇన్నేళ్ల తర్వాత ఈ మాట ఎత్తడానికి కారణం మా మేనకోడలు. పోయిన నెల వికారాబాద్‌లో మా చెల్లెలి ఇంటికి పోయాను. మేనకోడలు ఏదో పరీక్షకు చదువుతూ, ఇంగ్లండులోని ఒక పాత నగరం బొమ్మలు ఫోనులో చూపించింది. ఒకప్పుడు ఆ ఊరి నిండా మఠాలేనట. కొన్నింట్లో సన్యాసులు గోడ దాటేవాళ్లు కారట. కొన్నింటివాళ్లు మాత్రం మన జంగమయ్యల్లాగా వీధులు తిరిగి అడుక్కుని, తెచ్చింది నలుగురికి పెట్టేవాళ్లట. ఒక రాజు కాలంలో అన్నీ మూతపడ్డాయి. ఇప్పుడు ఒకచోట సగం గోడ, ఇంకోచోట వీధి పేరు మిగిలాయి. "కూలగొట్టక ముందు రాజు మనుషులొచ్చి అన్ని లెక్క రాసుకున్నరంట మామా. గోడలు పోయినయ్ గని గా కాగితాలు ఇంకా ఉన్నయంట," అంది.

మా మఠానికి లెక్క రాసింది నేను. నేను చదివింది అయిదో తరగతి. తాండూరు బండల పాలిషింగ్ దగ్గర పలకలు కొలిచి కొలిచి లెక్కలు నేర్చాను. లారీ నిండేలోపు ఎన్ని చదరపు అడుగులో నోటితో చెప్పేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ల వయసులో అలాంటివాడికి ఉండాల్సిన గర్వానికి రెండింతలు ఉండేది నాకు. ఊరి పెద్దమనుషులకేమో మఠం జాగాలో గోదాం కట్టాలని ఉంది. ఊరికే కూల్చలేరు కదా. "అయ్య జోలెలకు ఏడాదికి ఎంత పోతదో లెక్క తియ్యిరా. నీ లెక్కంటే ఎవడు కాదనడు," అన్నారు. నేను ఉబ్బిపోయాను.

అయ్య అంటే మఠం చూసుకునే జంగమయ్య. సోమవారాలు గంట వాయించుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాడు. సోలెడు జొన్నలో, పిడికెడు కందిపప్పో జోలెలో పడేవి. మధ్యాహ్నం ఎవరొచ్చి వసారాలో కూర్చున్నా, ఏ కులమని అడగకుండా రొట్టె, పప్పు పెట్టేవాడు. నేను నాలుగు సోమవారాలు ఆయన వెనకే నడిచి ప్రతి గడప దగ్గరా రాసుకున్నాను. ఆయన కోప్పడలేదు. పైగా, "జర మెల్లగ నడుస్త కొడుకా, నువ్వు రాసుకోవద్దా?" అని ఆగేవాడు. అయిదో సోమవారం నా పుస్తకం అడిగి తిరగేశాడు. "వచ్చింది మంచిగ రాసినవ్. తిన్నోళ్లది గూడ రాయి. గా పేజీ తెల్లగున్నది," అన్నాడు. "రాస్త అయ్యా," అన్నాను. రాయలేదు.

చావడి దగ్గర లెక్క చదివాను. కోతలైన కొత్తలో, జనం చేతులు ధారాళంగా ఉండే నాలుగు వారాలవి. వాటినే ఏడాది పొడుగునా సాగదీసి, బస్తాల్లో చెప్పాను. సోలల్లో చెబితే ఎవరికీ పట్టదని నాకు తెలుసు. "ఒక్క ముసలాయనకు గిన్ని బస్తాలా? మఠంల ఏనుగును గిట్ల సాదుతుండా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అయ్య ఒకసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. ఆయన ఒక్క మాట అంటే నా లెక్క అక్కడే కూలిపోయేది. అనలేదు. మరుసటి సోమవారం చాలా తలుపులు తెరుచుకోలేదు. ఏడాది తిరిగేలోగా మఠం బండలు లారీ ఎక్కాయి.

ఆ పేజీ తెల్లగా ఎందుకుంచానో మా చెల్లెలికి తెలుసు. పోయిన నెల తనే అంది: "మా అన్న చీమల బారు గూడ లెక్కపెడ్తడు. మనం తిన్నది మాత్రం రాయలే." మేనకోడలు మా ఇద్దరి మొహాలూ చూసింది. ఆ పిల్లకు తెలియదు. నాకు పన్నెండేళ్లప్పుడు వానల్లేక మా గొర్రెల మంద సగం చచ్చింది. నాయన పని వెతుక్కుంటూ కర్ణాటక వైపు పోయి కబురు లేదు. ఆ రోజుల్లో అమ్మ, నేను, చెల్లెలు మఠంలోనే తిన్నాం. మొదటిరోజు అమ్మ వసారా చివర కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. అయ్య అది చూసి, మర్నాటి నుంచి మాకు వంటసాల వెనక, ఎవరి కంటా పడకుండా విస్తళ్లు వేశాడు. తిన్నవాళ్ల పేజీ నిజంగా రాస్తే మొదటి వరస మా ఇంటిదే. పెద్దమనుషుల మధ్య పుస్తకం పట్టుకుని నిలబడిన నాకు ఆ వరస చదివే ధైర్యం లేకపోయింది.

తర్వాత అయ్య మర్పల్లిలో అక్క కొడుకు పంచన చేరాడు. నేను తాండూరుకు కాపురం మారాక ఒకసారి మా వాకిట్లో ఆయన గంట వినిపించింది. అది నా ఇల్లని ఆయనకు తెలియదు. నన్ను చూసి, నాకు ఇబ్బందని, వెనక్కి తిరగబోయాడు. "తిని పో అయ్యా," అన్నాను. తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "మీ అమ్మ మంచిగున్నదా?" అని మాత్రం అడిగాడు. ఆ ఏడే పోయాడు.

కాలం అన్నీ మాఫీ చేస్తుందంటారు. నా లెక్కలో అలాంటి వరస ఎక్కడా కనబడలేదు. ముగ్గురం, అరవై రెండు రోజులు, రోజుకో పూట: నూట ఎనభై ఆరు. తీర్చింది ఒకటి. ఉన్నది నూట ఎనభై అయిదు.