మేడంకు రాసిన మాట

నా పెద్దబిడ్డ పోయి నలభై రోజులాయె. భద్రాచలంల హాస్టల్ల ఉండి పదో తరగతి చదివేది. జరమొచ్చిందని ఫోన్ చేస్తే ములకలపల్లి కాడ బస్సెక్కి పోయిన. దవాఖానాల మూడు దినాలు పక్కనే కూసున్న. నాలుగో పొద్దు నా బిడ్డ లేదు. ఇంతకంటె ఆ సంగతి నేను రాయలేను.

బడి వాళ్ళు ఏడాదికోసారి వేసే పుస్తకంల బిడ్డ గురించి మీరే రాయండమ్మా అన్నది ఇంగ్లీష్ మేడం. నేను చదివింది నాలుగో తరగతి దాక. "నాకంటె మీకే ఎక్కువ ఎరుక కద మేడం, మీరే రాయండి" అన్న. ఆ మాట మర్యాదకు అనలే, కుళ్ళుతోని అన్న. ఆమెకు అర్థమైంది. అయినా కాగితాలు నా చేతుల పెట్టింది.

అవ్, నాకు ఆమె మీద కుళ్ళు. దాచుకునేది ఏముంది.

సెలవులకొస్తే బిడ్డ నోట్లె ఒకటే పాట, మా మేడం, మా మేడం. వాకిలి ఊడ్సుకుంట ఇంగ్లీష్ పాఠం అప్పజెప్పుకునేది. తప్పు పోతే చీపురు ఆపి మళ్ళ మొదటికెళ్ళి. ఊడ్సిన కాడనే మళ్ళ ఊడ్సేది. పెన్ను మూత కొరికే అలవాటు, మా ఇంట్ల సక్కని మూతున్న పెన్ను ఒక్కటి లేదు. ఒకపాలి గోంగూర నూరి పెడితే, తినుకుంట, "మా మేడం తెచ్చే పచ్చడి గూడ మస్తుంటదమ్మా" అన్నది.

"నా దానికంటెనా?"

"కంటె అని కాదమ్మా. అది వేరే రుచి."

ఆ పూట నాకు ముద్ద దిగలే.

ఇంకోసారి హోంవర్కని ముందట కూసున్నది. "అమ్మా, పోలికలు కావాలె. ఒకటి ఇంకోదాని లెక్క ఉన్నదని చెప్పాలె. నాయిన గురక దేని లెక్క ఉంటది?"

"ఇసుక లారీ ఎత్తు ఎక్కినట్టు."

పిల్ల పడి పడి నవ్వింది. మంచంల ఒరిగిన వాళ్ళ నాయిన కండ్లు తెరవకుండనే, "నన్నెందుకే పరీక్షల రాస్తరు" అన్నడు.

ఆ పోలిక పక్కన మేడం ఎర్ర పెన్నుతోని బాగుందని రాసిందట. మళ్ళ సెలవులకొచ్చి ఆ ఎర్రరాతను పదిసార్లు చూపెట్టింది. పోలిక చెప్పింది నేను. మురిసింది ఆమె రాతకు.

"తెలిసింది రాయాలె, తెల్వంది బట్టీ కొట్టొద్దు" అని మేడం మాటనే నాకు చెప్పేది. నాకు తెలిసింది రాస్తే అర పేజీ గూడ నిండదే అని నవ్వేదాన్ని.

దినాలైనంక బిడ్డ సామాను తెచ్చుకుందామని పోయిన. పెట్టె, దుప్పటి, బట్టలు ఇచ్చిన్రు. వ్యాసాల నోట్‌బుక్ లేదు. పరీక్షల ముందట గ్రామరు, వ్యాసాలు, పద్యాలు అన్ని మళ్ళ చదివిస్తున్నరంట, మా పిల్ల నోట్‌బుక్ మేడం క్లాసుల చూపెడుతున్నదట. నా కడుపు మండింది. ఆ చేతిరాత నాకు ఇంకేడ దొరుకుతది?

క్లాసు కాడికి పోయి, "మా పిల్ల పుస్తకం ఇయ్యండి మేడం" అన్న.

"ఇస్తనమ్మా. మొదలు ఒకటి చదివి చెప్త, కూసోండి."

'మా అమ్మ' అనే వ్యాసం తీసింది. రెండుసార్లు రాసి ఉంది. మొదటిది గైడు చూసి ఎక్కిచ్చింది. అందుల అమ్మ పొద్దున లేచి పూల మొక్కలకు నీళ్ళు పోస్తది, గ్లాసుల పాలు ఇస్తది, కథలు చదివి వినిపిస్తది. క్లాసంత గదే అమ్మను రాసిందట. మేడం అడ్డంగ గీత కొట్టి, "ఈమె ఎవరు? మీ అమ్మ ఏది?" అని అడిగిందట.

రెండోది గూడ ఇంగ్లీషులనే ఉంటే, మేడం తెలుగుల చెప్పింది. "మా అమ్మ మిరపకాయలు ఏరబోతది. ఆ దినాలల్ల ఆమె అరచేతులు మండుతయి. అందుకే నా ముఖాన్ని అరచేతితోని ముట్టదు, మణికట్టుతోని నిమురుతది. హాస్టల్ల యాదికొస్తే నా మణికట్టు నేనే చెంపకు ఆనిచ్చుకుంట."

నాకు ముందుగాల ఏడుపు రాలే, కుళ్ళే వచ్చింది. నా పక్కల పండి పెరిగిన పిల్ల ఈ మాట నాతోని అనలే. నాకు రాని భాషల ఇంకో ఆడామెకు చెప్పింది.

"మీకు ఎప్పటిసంది ఎరుక?" అని అడిగిన.

"దసరా సెలవుల ముందటి నుంచి. మీకు చెప్పమన్న. సిగ్గైతది మేడం, పరీక్షలైనంక తెలుగుల రాసి ఇస్త అన్నది."

నాకంటె నాలుగు నెలల ముందు. గదే అనుకుంట కూసున్న.

ఇంత రాసినంక కుళ్ళు పోయిందా అంటే పోలేదు. కాని గైడుల అమ్మను కొట్టేసి నన్ను రాయిచ్చింది ఆ మేడమే. అది గూడ రాయకపోతే నాకు పాపం.

"పుస్తకం నేను తీస్కపోత" అన్న. "మీదేనమ్మా" అన్నది ఆమె. పిల్లల దిక్కు తిరిగి, "ఆమె బస్సు టైము దాక ఉంటది, కావల్సినయి రాసుకోండి" అన్నది.

ఆరుగురు ఆడపిల్లలు ఆ ఒక్క నోట్‌బుక్ చుట్టు చేరిన్రు. ఒక పిల్ల తలెత్తి, "ఆంటీ, చాన పేజీలున్నయి. మీ బస్సు పోతదేమో" అన్నది.

"పోనీ బిడ్డా, ఎన్కకు ఇంకోటుంటది" అన్న. అడవి దారిన మా ఊరికి ఇంకోటి ఉందో లేదో నాకే తెల్వదు.

ఇంకో పిల్ల అడిగింది, "మేడం, 'మా అమ్మ' గూడ రాసుకోవాల్నా?"

"వద్దు. ఆ పిల్ల వాళ్ళ అమ్మను రాసింది. మీరు మీ అమ్మను రాయండి."

పిల్లలు ఆ పేజీ రాయకుండనే తిప్పేసిన్రు. పైన ఫ్యాను గాలికి అది మళ్ళ మళ్ళ లేస్తున్నది. చివరికి ఒక పిల్ల ఎడమ చెయ్యి దాని మీద మెల్లగ ఆనిచ్చి పట్టుకొని, కుడిచేతితోని పక్క పేజీ రాసుకున్నది.